రెండు డబ్బాలు, ఒకే కడుపు

ఏసన్న చేను పోయింది గోపన్న నోటికి. ఊర్లో ఎవర్నన్నా అడగండి, వానల్లేక పోయిందంటారు, బోర్లెండి పోయిందంటారు. వానల్లేక పోయేది పంట. చేను ఊరికే పోదు, దాన్ని ఎవడో ఒకడు పోగొట్టాల. పోగొట్టినోడు సూదుల గోపన్న.

ఈ గోపన్న డోన్‌లో ఒక మందులంగట్లో పన్నెండేండ్లు పొట్లాలు కట్టినాడు. తర్వాత ఒక తోలుబ్యాగు, ఒక మోపెడ్డు కొనుక్కోని పల్లెలెంబడి వైద్యానికి దిగినాడు. సూదేసే చెయ్యి మెత్తనిదే, కాదనకూడదు. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోని చదువుతాడు. ఐదో తరగతిలో బడి మానేసి గొర్లెంబడి పోయిన ఏసన్నలాంటోనికి అంతకంటే పెద్ద చదువు ఏం కావాల? గోపన్న కాగితం పట్టుకోని పెదాలు కదిలిస్తాంటే, పాస్టరయ్య వాక్యం చదివేటప్పుడు చూసినట్లు నోరు తెరుచుకోని చూసేవాడు.

ఏసన్నకు రోగం తగులుకున్నది రెండువేల మూడులో, మూడో బోరు గూడా దుమ్ము కక్కినాక. నాలుగు ముద్దలు తింటే చాలు, కడుపులో ఎవరో తడిబట్ట పిండినట్లు మెలి తిరిగేది. దొడ్డికి పోయొస్తే సల్లబడేది. గంటకు మళ్ళీ మొదలు. రెండు దినాలు అట్ల. తర్వాత నాలుగు దినాలు అసలు దొడ్డికే రాక, గాలి కొట్టిన ట్యూబు మాదిరి కడుపు బిగుసుకునేది. డోన్ బస్సెక్కాలంటే ముందు మూడుసార్లు ఊరిబయట వాగు, వంకలోకి పోయి రావాల. డ్రైవరు మారెన్న హారన్ మీద చెయ్యి తీయకుండా, "ఏమప్పా ఏసన్నా, వంక పారిచ్చి వచ్చినావా, ఇంకా ఒక మడి ఉండాదా?" అని బస్సంతా వినబడేట్ల అరిచేవాడు. ఆదివారం చర్చిలో వాకిలి పక్కన చోటు ఏసన్నదే. పాస్టరయ్య ప్రార్థన కొంచెం పొడుగు చేస్తే చాలు, కండ్లు గట్టిగా మూసుకోని చెమటలు కక్కేవాడు. ఆత్మ దిగిందనుకోని ముసలమ్మలు స్తోత్రం, స్తోత్రం అనేవాళ్ళు.

గోపన్న మొదట డోన్‌లో దొడ్డి పరీక్ష చేయించినాడు. కాగితం చూసి, "అమీబా ఉండాదప్పా. కంటికి కనపడని పురుగు. పేగు కరుచుకోని కూర్చుంది" అన్నాడు. పది దినాలు మందు మింగితే నోరంతా ఇనుము నాకినట్లయింది గానీ నొప్పి కదల్లేదు. నంద్యాలలో మళ్ళీ చేయించినారు, ఆడా అమీబానే. కడపలో బామ్మర్ది ఏసుబాబు ఉండాడని ఆడికి పోయి కడుపు స్కానింగు తీయించి, పనిలో పని దొడ్డి పరీక్ష కూడా చేయించినారు. ఆడా అమీబానే. మూడూర్లలో ముగ్గురు చూసి ఒకటే మాట అంటే ఇంక అనుమానమేముంది?

ప్రతి కాగితం ఏసన్న ఒక సంచిలో దాచేవాడు. ఎరువులంగట్లో ఊరికే ఇచ్చిన పచ్చ సంచి. మూడేండ్లకు అది బైబిలంత లావైంది. ఏ డాక్టరు దగ్గరికి పోయినా, ఏ ల్యాబుకు పోయినా, మొదట ఆ సంచి బల్ల మీద కుమ్మరించి, తర్వాతే కుర్చీలో కూర్చునేవాడు. పదెకరాల పాసుబుక్కు ఉన్నోనికి గూడ అంత గర్వం ఉండదు.

రెండువేల ఆరు ఎండాకాలంలో గోపన్న కర్నూలుకు తీసకపోయినాడు. సున్నపు నీళ్ళ లాంటి తెల్లటి మందు ఒక లోటా తాపి, పేగులకు ఎక్స్‌రే తీసినారు. తీసినాయన సంచి తిరగేసి చూసి, పేగు ఒకచోట సన్నబడినట్లుందని, టీబీ ముడి కావచ్చునేమోనని, చివర ఒక ప్రశ్నగుర్తు పెట్టి రాసిచ్చినాడు. ఆ కాగితం పట్టుకోని గోపన్న ఒక నర్సింగ్ హోముకు తీసకపోతే, ఆడి డాక్టరు ఏసన్న పొట్ట మీద రెండు వేళ్ళు ఆనించి, కాగితాలు నాలుగు చూసి, "ముడే. కోసి తీసేయాల" అన్నాడు. ఈయన రాసిన కాగితంలో ప్రశ్నగుర్తు లేదు.

"పేగు మూసకపోతే కతం అప్పా" అన్నాడు గోపన్న బయటికొచ్చి, టీ ఊదుకుంటా. "చేను ముఖ్యమా, పేణం ముఖ్యమా? చూసుకో."

మిగిలింది ఒకటే చేను, వంక ఒడ్డుది. కరువులో గూడా గంపెడు శనక్కాయ బుడ్డలు రాల్చిన చేను అదొక్కటే. దాన్ని డోన్‌లో బుడ్డల వ్యాపారం చేసే బాలసుబ్రహ్మణ్యం శెట్టికి ఆపరేషన్ దుడ్ల కోసం మాట్లాడి పెట్టింది గోపన్నే. సోమవారం దశమి, ఆ పొద్దు రిజిస్ట్రేషన్. గురువారం ఆపరేషన్. రిజిస్ట్రేషన్ కంటే ముందే, శుక్రవారం, మళ్ళీ ఒకసారి అన్ని పరీక్షలూ చేసుకోని రమ్మన్నారు.

ఏసన్న, ఆయన పెండ్లాం విశ్వాసమ్మ, గోపన్న ముగ్గురూ కర్నూలు బస్టాండు దగ్గర లాడ్జిలో దిగినారు. ముందుదినం హోటల్లో తిన్న కూర పడక విశ్వాసమ్మకు గూడా రెండుసార్లు కడుపు కదిలింది. గోపన్న వెంటనే, "చూసినారా? అమీబా వదినకు గూడా అంటుకుండాది. ఇద్దరికీ చేయిద్దాం" అని రెండు చిన్న డబ్బాలు తెచ్చి, ఒకదాని మీద ఏసన్న అని, ఒకదాని మీద విశ్వాసమ్మ అని కాగితాలంటించి చేతికిచ్చి, కింద టీ తాగను పోయినాడు.

విశ్వాసమ్మ డబ్బా వైపు చూడను గూడా చూడలేదు.

"నేను ఈయను. బజార్లో అది పట్టుకోని నడవాలనా? మా కల్లూరు చిన్నమ్మ ఎదురొచ్చి, విశ్వాసీ ఏంది తెచ్చినావంటే ఏం చెప్పాల? నెయ్యి అని చెప్పాలనా?"

"నువ్వెందుకు మోయాల? నేను మోస్తాలే."

"అది ఇంకా పాడు. మొగుని చేతికి ఎవురన్నా ఇస్తారా దాన్ని? నాకిప్పుడు బాగుండాది, పో."

ముప్పావుగంట బతిమాలినాడు. ఆమె గోడ దిక్కు తిరిగి పండుకుంది. గోపన్న కిందినుంచి కేకలేస్తాండాడు. ఏసన్నకు విసుగొచ్చి, "ఇట్ల తే ఆ డబ్బా. నాకేమన్నా కరువా?" అని రెండూ పట్టుకోని పోయి, ఒక్క కూర్చోనుట్లో రెండూ నింపుకోని వచ్చినాడు. విశ్వాసమ్మ పైట నోట్లో కుక్కుకోని నవ్వింది. అంతటితో అయిపోయిందనుకున్నారు ఇద్దరూ.

ల్యాబులో సుదర్శన్ అని ఒక సన్నటి మనిషి. మధ్యాన్నం మూడింటికి రెండు కాగితాలిచ్చినాడు. గోపన్న కూడబలుక్కున్నాడు.

"నీది చూడప్పా. అమీబా. మూడు ప్లస్సులు ఏసినాడు. మూడంటే నిండా ఉన్నట్లు. వదినది… ఏం లేదు. వదిన కడుపు బంగారం."

విశ్వాసమ్మ నవ్వబోయి, నవ్వు సగంలో నిలిపేసింది.

"ఇంకోసారి చదువు గోపన్నా."

"ఎన్నిసార్లు చదివినా అంతే గదప్పా. నీది నిండా, ఆమెది సున్న."

"రెండూ నావే."

"ఏంది నీవే?"

"డబ్బాలు. రెండిట్లో ఉన్నదీ నాదే. ఆమె ఇయ్యనంటే నేనే నింపినా. ఒకటే పూట, ఒకటే కడుపు."

గోపన్న రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకోని మళ్ళీ కూడబలుక్కున్నాడు. పక్క బల్లమీద కూర్చున్న గడ్డం ముసలాయన "యా అల్లా" అని లేచి నిలబడి, తన చేతిలోని కాగితం వైపు ఒకసారి చూసుకున్నాడు. సుదర్శన్ గాజు కిటికీ వెనకనుంచి, "ఏం తమాషానా? పరీక్షలతో ఆటలా?" అని గట్టిగా మొదలుపెట్టినాడు గానీ, ఏసన్న మొహం చూసి గొంతు దించినాడు. మొహం సున్నం కొట్టిన గోడ మాదిరి తెల్లగా ఉంది. పిడుగు పక్కనే పడినోడు అరవడు చూడండి, అట్ల నిలబడి ఉన్నాడు.

"అన్నా, ఒక మాట చెప్తా" అన్నాడు సుదర్శన్. "నీ పాత కాగితాలన్నీ నా ముందర పోస్తివి. అన్నిట్లో అమీబా అని ఉండాది. ఉందని తెలిసినాక వెదికితే గుండ్రంగా ఉండేదంతా అదే మాదిరి కనపడ్తాది. కండ్లు గూడ మనం చెప్పినట్లే వింటాయన్నా. అమ్మకు పాత కాగితాల్లేవు. చూసినా, ఏం కనపళ్ళా, లేదని రాసినా."

"అంటే ఏది నిజం?"

సుదర్శన్ అద్దాలు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు. "నాకు తెలీదు" అన్నాడు.

ఏసన్న బయటికొచ్చి మెట్ల మీద కూలబడినాడు. ఆటోలు, తోపుడుబండ్లు, దోసకాయలమ్మే ఆడోళ్ళు, ఏదీ కంటికి ఆనలేదు. బోర్లేసిన దినాలు గుర్తొచ్చినాయి. ఈ సీమలో బోరెయ్యాలంటే మొదట నీళ్ళు చూసేవాణ్ణి పిలుస్తారు. వాడు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకోని చేనంతా నడుస్తాడు. కాయ నిట్టనిలువున లేస్తే ఆడ నీళ్ళున్నట్లు. ఆ చోట సున్నంతో గుర్తేస్తారు. ఒకని మాట నమ్మి ఎవరూ బోరెయ్యరు. వాడు పోయినాక రైతు ఆ సున్నం కాలితో చెరిపేసి, మట్టి కప్పేసి, వారం తర్వాత ఇంకోణ్ణి చేను రెండో కొసనుంచి నడిపిస్తాడు. మొదటోడు యాడ నిలబడినాడో రెండోవానికి చచ్చినా చెప్పకూడదు. ఇద్దరూ ఒకేచోట నిలబడితేనే లారీని పిలవాల. ఏసన్న మూడో బోరుకు అట్లే చేసినాడు. మొదట పెద్ద ఈరన్నను, తర్వాత బేతంచెర్లనుంచి ఒకణ్ణి. ఇద్దరూ ఇరవై గజాల తేడాలో నిలబడిరి. అయినా ఆశ చావక బోరేసినాడు. అది వేరే సంగతి.

"విశ్వాసీ" అన్నాడు. "నీళ్ళు చూసేవానికి గుర్తు చెరిపి చూపిస్తిమి. నా కడుపుకు మాత్రం సున్నం డబ్బా చేత్తో పట్టుకోని మూడేండ్లు తిరిగితినే. ఈడ లేసిందయ్యా కాయ, ఈడ్నే లేపు అని నేనే చూపిస్తిని గదే."

విశ్వాసమ్మ పక్కనే కూర్చుంది. సంచి ఆయన ఒళ్ళోనుంచి తీసి తన చంకలో పెట్టుకుంది. గోపన్న వచ్చినాడు.

"అది పురుగు సంగతి, ఇది ముడి సంగతి. రెండూ కలపొద్దు. ఎక్స్‌రే అబద్ధం చెప్తాదా?"

"గోపన్నా, ముడి ఉండాదని చూసినోళ్ళు గూడ ఆ సంచి చూసినోళ్ళే" అంది విశ్వాసమ్మ. "ఇంకొకరికి చూపిస్తా. సంచి లేకుండా చూపిస్తా."

"ఎంతమందికి చూపిస్తావు వదినా? నర్సింగ్ హోములో గది చెప్పి పెట్టినా. మాట పోతాది."

"నీ మాట పోతే ఇంకో మాట పుడ్తాది. ఆయన పేగు పోతే పుడ్తాదా?"

కర్నూలును ఆనుకునే ఉన్న కల్లూరులో విశ్వాసమ్మ చిన్నమ్మ ఇంటి పక్క వీధిలో రాజ్యలక్ష్మమ్మ అని ఒక పెద్ద డాక్టరమ్మ ఉంది, పెద్దాసుపత్రిలో చేసి రిటైరైనామె. శనివారం పొద్దున ఇద్దరూ షేరాటోలో పోయినారు. సంచి చిన్నమ్మ ఇంట్లో మంచం కింద పెట్టి పోయినారు. ఒట్టి చేతులతో కుర్చీలో కూర్చుంటే ఏసన్నకు గుడ్డల్లేకుండా కూర్చున్నట్లుంది.

డాక్టరమ్మ ఏసన్న పొట్ట నొక్కకముందు అరగంట మాటలే అడిగింది. నొప్పి దొడ్డికి పోతే తగ్గుతాదా? తగ్గుతాదమ్మా. నెత్తురు పడ్తాదా? లేదమ్మా. బరువు తగ్గినావా? లేదమ్మా, బుడ్డల కాటా మీద ఎప్పుడెక్కినా అరవై రెండే. రాత్రి నిద్రలోనుంచి లేపుతాదా? ఏసన్న ఆలోచించినాడు. మూడేండ్లలో ఒక్కరాత్రి గూడా లేపలేదు. ఇంతవరకు ఎవరూ అది అడగలేదు.

"ఒకసారి పేగుల బొమ్మ తీయిస్తా. వేరేచోట. కారణం కడుపునొప్పి అని మాత్రమే రాస్తా" అందామె. ఏసన్న ఉలిక్కిపడినాడు. నీళ్ళు చూపించే పద్ధతి ఈమెకెవరు చెప్పినారో! ఆ మధ్యాన్నమే తీసినారు. చూసి చెప్పాల్సిన డాక్టరు ఊర్లో లేడు, సోమవారం సాయంత్రం రమ్మన్నారు.

ఆదివారం రాత్రికి ఊర్లో ఏసన్న వాకిట్లో గోపన్న మోపెడ్డు ఉంది.

"రేపు పదకొండింటికి ఆఫీసు. శెట్టి స్టాంపు కాగితాలు కొనేసినాడు."

"సోమవారం సాయంత్రం కాగితమొస్తాది. మంగళవారం చేద్దాం" అంది విశ్వాసమ్మ.

"మంగళవారం శెట్టి చేతులో దుడ్లుండవు వదినా. బుడ్డలు లోడెత్తుతాండాడు. ఏసన్నా, ఒక మాట చెప్పు. ముడి లేదని నువ్వు బైబిలు మీద చెయ్యేసి చెప్పగలవా?"

ఏసన్న పొట్ట మీద చెయ్యేసుకున్నాడు. రెండు డబ్బాల సంగతి చూసినాడు. సుదర్శన్ నోటినుంచి విన్నాడు. అయినా పొట్ట ఆ నిమిషం మెలి తిరుగుతాండాది. ఇంత నొప్పి పెట్టుకోని ఏమీ లేదని ఎట్ల అనుకోవాల? మూడేండ్ల కాగితాల్లో పురుగు అబద్ధమైతే కావచ్చు, ముడి నిజమైతే? గురువారం దాటితే పేగు మూసకపోతే?

"ఒక్క పూట ఆగయ్యా" అంది విశ్వాసమ్మ. "ఒక్క పూట. నీ కాళ్ళు పట్టుకుంటా."

"గది చెప్పి పెట్టినాడంట గదే" అన్నాడు ఏసన్న.

సోమవారం పదకొండున్నరకు డోన్‌లో వేలిముద్ర వేసినాడు. సాక్షి సంతకం గోపన్నది. విశ్వాసమ్మ ఆఫీసు బయట వేపచెట్టు కింద నిలబడింది, లోపలికి రాలేదు. ఆణ్ణుంచి నేరుగా ఇద్దరూ కర్నూలు బస్సెక్కినారు.

రాజ్యలక్ష్మమ్మ బొమ్మలు కిటికీ వెలుతురుకు పట్టి ఒకటొకటే చూపించింది.

"ముడి లేదు. ఎక్కడా లేదు. పేగు పసిబిడ్డ పేగు మాదిరి ఉంది."

ఏసన్నకు ముందు అర్థం కాలేదు. అర్థమైనాక కుర్చీ చెయ్యి పట్టుకున్నాడు. విశ్వాసమ్మ గబగబ మంచం కింది సంచి సంగతి చెప్పి, పరుగున పోయి తెచ్చింది. డాక్టరమ్మ అందులోని పాత ఎక్స్‌రే బొమ్మ గూడా వెలుతురుకు పట్టింది.

"ఇది ముడి కాదయ్యా. బొమ్మ తీసిన నిమిషానికి పేగు ముడుచుకుంది. పేగు ఎప్పుడూ కదులుతానే ఉంటాది గదా. ఇంకో నిమిషానికి తీసింటే ఇంకోచోట సన్నంగా కనపడేది. ఇట్లాంటి కడుపుకు పదిసార్లు పరీక్ష చేస్తే పది రకాలు చెప్తాది. నీది పేగు చెడిన రోగం కాదు, నడక తిక్కగా ఉన్న రోగం."

"అంటే నా నొప్పి ఉత్తదా అమ్మా?"

"ఉత్తదని ఎవరన్నారు? నొప్పి నిజమే. కోసి తీయాల్సింది మాత్రం ఏం లేదు. తిండి చెప్తా, ఒక చిన్న మాత్ర ఇస్తా. ఇంక పరీక్షలు చేయించొద్దు."

ఆపరేషన్ లేదని సంతోషపడాల్సిన మనిషి. ఆమె ఇచ్చిన నీళ్ళ గ్లాసు చేతిలో పట్టుకోని, తాగడం మరిచి, గోడ గడియారం వైపు చూస్తా ఉండిపోయినాడు. ఐదుగంటల పది నిమిషాలు. వేలు మీద సిరా ఇంకా తడారినట్లు లేదు.

మంగళవారం పొద్దున్నే, వంకకు గూడ పోకుండా, డోన్‌లో శెట్టి అంగటి ముందర నిలబడినాడు. బాలసుబ్రహ్మణ్యం శెట్టి చెడ్డమనిషేం కాదు. కూర్చోమని, కాఫీ తెప్పించినాడు. అంతా విన్నాడు.

"మంచి మాట చెప్తివి ఏసన్నా. కడుపు కోతలేకుండా బయటపడితివి. వాసవమ్మ దయ."

"దుడ్లు మొత్తం మళ్ళీ తెచ్చిస్తా శెట్టీ. పాత పరీక్షల అప్పుకు కొంచెం ఇచ్చినా, ఇల్లు తాకట్టు పెట్టి అది గూడ తెస్తా. చేను నాకు రాసియ్యి."

"నీ కడుపు బాగుందని నా రిజిస్ట్రేషన్ చెడతాదా అప్పా? రోడ్డు వెడల్పు చేస్తాండారు, ఆడ ప్లాట్లు వేస్తా. నిన్నటి ధర నిన్నటిదే. ఈ పొద్దు ఆ చేను ఎకరాల్లో అమ్మరు, సెంట్లలో అమ్ముతారు."

గోపన్న అంగటి పక్కనే మోపెడ్డు ఆపి అంతా వింటాండాడు. ఏసన్న కాఫీ వదిలేసి వచ్చి వాని చొక్కా పట్టుకున్నాడు. "నా చేను గోపన్నా!" అన్నాడు, అంతే వచ్చింది నోటికి. గోపన్న విడిపించుకోలేదు.

"చంపితే చంపప్పా. పరీక్షలు చేయించింది నేను. సాక్షి సంతకం పెట్టింది నేను. మంగళవారం దాకా ఆగమని వదిన అంటే ఆగనిది మాత్రం నువ్వు."

ఏసన్న చేతులు వాటంతట అవే జారిపోయినాయి. వాణ్ణి తిట్టను మాటలు చానా ఉండాయి, ఇప్పటికీ ఉండాయి, దినమూ తిడ్తానే ఉండాడు. ఆ నిమిషాన మాత్రం వెనక్కి తిరిగి బస్టాండు దిక్కు నడిచినాడు. ఆ వారంలోనే శెట్టి మనుషులు వంక ఒడ్డున తెల్లరాళ్ళు పాతినారు. పోయింది ఎకరా డెబ్బై రెండు సెంట్లు.